బురద మీద నిలిచిన ఇళ్లు - వెనుకింట్లో నిలిచిన ఆశ

బిలాస్‌పూర్ స్టేషన్‌ను ఆనుకుని తార్‌బహార్ అనే పేట ఉంది. తార్ అంటే తీగ, బాహర్ అంటే వెలుపల. నాగపూర్ వైపు నుండి అసన్‌సోల్ దాకా ఇనుపదారి వేయడానికి 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని రైల్వే ఊరుగా మార్చింది. ఆ దారి 1891 నాటికి పూర్తయింది. ఆ పనులతో పాటే ఉత్తరాంధ్ర నుండి తెలుగు కుటుంబాలు కూడా ఇటు వచ్చాయి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగిన తరాలు ఇక్కడ ఉన్నాయి.

మా చిన్నతనంలో ఏటా బడి తెరిచే ముందు నాన్నగారు మమ్మల్ని వంటగది ద్వారబంధానికి ఆనించి నిలబెట్టేవారు. నెత్తిమీద అట్ట పెట్టి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసేవారు. ఆయన రిటైరై క్వార్టరు ఖాళీ చేసిన నాడు మా అమ్మ సామాన్ల కోసం బాధపడలేదు, ఆ గీతల కోసం బాధపడింది. సామాను లారీలో ఎక్కుతుంది గాని ద్వారబంధం ఎక్కదు గదా!

సరిగ్గా ఇలాంటి గీతలే ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక ఇంటి గోడ మీద ఉన్నాయి. ఏటా లక్షలాది మంది వాటిని చూసి వస్తారు. ఒక తండ్రి తన ఇద్దరు కూతుళ్ల ఎత్తును 1942, 1944 సంవత్సరాల మధ్య ఆ గోడ మీద గుర్తు పెట్టాడు. ఆ కాలమంతా ఆ పిల్లలు వీధిలోకి అడుగు పెట్టలేదు. చిన్నమ్మాయి 13 సెం.మీ.కు పైగా పెరిగింది. ఆమె పేరు అన్నే ఫ్రాంక్.

ఆ ఇంట్లో ఎనిమిది మంది రెండేళ్లకు పైగా ఎవరి కంటా పడకుండా ఎలా ఉండగలిగారు? వీధిలో నడిచేవారికి ఆ గదులు ఎందుకు కనిపించలేదు? దీనికి సమాధానంలో సగం ఆ మనుషుల ధైర్యంలో ఉంది. మిగతా సగం మూడు వందల ఏళ్ల క్రితపు గృహనిర్మాణ శాస్త్రంలో ఉంది. ముందుగా ఆ ఇల్లు నిలబడ్డ నేల సంగతి చూద్దాం.

బురదలో ఊరు

ఆమ్‌స్టెల్ అనే నది మీద ఆనకట్ట (డామ్) కట్టిన చోట వెలసిన పల్లె గనుక ఆ ఊరికి ఆమ్‌స్టర్‌డామ్ అని పేరు. దాని పేరు రాతలో మొదట కనిపించేది 1275లో. హాలెండులో చాలా భాగం సముద్ర మట్టానికి సమానంగానో, ఇంకా కిందనో ఉంటుంది. ఊరి కింద ఉన్నది రాతినేల కాదు. పైన పీట్ అనే మెత్తని మట్టి ఉంటుంది. చిత్తడి నేలల్లో మొక్కలు సగం కుళ్లి, వేల ఏళ్లుగా పేరుకుపోగా ఏర్పడిందే పీట్. అది నీరు పీల్చుకున్న స్పంజి లాంటిది. దాని కింద బంకమట్టి ఉంటుంది. సుమారు 12 మీటర్ల లోతుకు వెళితే గాని గట్టి ఇసుక పొర తగలదు.

ఇలాంటి నేల మీద ఇటుక గోడ కడితే ఏమవుతుంది? తడి రొట్టె మీద రాయి పెడితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకే తొలి రోజుల్లో అక్కడి వారు తేలికైన చెక్క ఇళ్లు కట్టుకున్నారు. ఐతే చెక్క ఇళ్లకు నిప్పు భయం. 1421లోనూ, 1452లోనూ పెద్ద అగ్నిప్రమాదాలు ఊరిని కాల్చివేశాయి. దాంతో నగరపాలకులు ఇటుక గోడలను, పెంకుల కప్పులను పట్టుబట్టారు. నిప్పుకు భయపడి ఇటుక వాడితే బరువు పెరుగుతుంది. బరువుకు భయపడి చెక్క వాడితే నిప్పు కాచుకుని ఉంటుంది. ఈ చిక్కు నుండే ఆ ఊరి ప్రత్యేక వాస్తు పుట్టింది.

నేల కింద అడవి

చిక్కు విడదీసిన ఉపాయం పైల్ పునాది. నార్వే నుండి, బాల్టిక్ సముద్ర తీరం నుండి పైన్, స్ప్రూస్ చెట్ల మొద్దులను ఓడల్లో తెచ్చేవారు. సన్నని కొసను కిందికి పెట్టి, పీట్‌ను, బంకమట్టిని చీల్చుకుంటూ ఇసుక పొర తగిలే దాకా దిగగొట్టేవారు. గోడ వచ్చే చోట జంటలు జంటలుగా మొద్దులు వరుసలో దిగేవి. వాటి తలలపై అడ్డదూలాలు, ఆ దూలాలపై మందపు పలకలు పరచి, వాటి మీద ఇటుక కట్టుబడి మొదలు పెట్టేవారు. ఇంటి బరువు మెత్తని మట్టి మీద పడకుండా మొద్దుల గుండా ఇసుకకు చేరేదన్నమాట.

ఆవిరి యంత్రం రాకముందు ఇంత లోతుకు మొద్దులు ఎలా దింపారు? ఎత్తైన చట్రానికి బరువైన దిమ్మను వేలాడదీసి, దానికి చాలా తాళ్లు కట్టి, ముప్పై మంది దాకా ఒక్కసారిగా లాగి వదిలేవారు. అందరి బలం ఒకే క్షణంలో పడకపోతే దిమ్మ కదలదు. అందుకని ఒకడు పాట ఎత్తుకునేవాడు, మిగతావారు ఆ లయకు లాగేవారు. పైల్ దింపేవారి పాటలు డచ్ భాషలో ఒక ప్రత్యేకమైన కోవ. పట్టాలు జరిపే గ్యాంగులో మేస్త్రీ పదం అందుకోగానే అందరూ గడ్డపారలు ఒక్కసారి నొక్కడం చూసినవారికి ఇది వింతగా తోచదు. మన ‘హైలెస్సా’ చేసే పని కూడా అదే. పది చిన్న బలాలను ఒకే క్షణానికి కూర్చి పెద్ద బలం చేయడం.

ఎన్ని మొద్దులు పట్టేవి? 1648లో మొదలుపెట్టి కట్టిన నగర భవనం (నేటి రాజప్రాసాదం) కింద 13,659 ఉన్నాయి. ఈ సంఖ్య గుర్తుండడానికి డచ్ పిల్లలు ఒక చిట్కా వాడతారు. ఏడాదికి 365 రోజులు, దానికి ముందు 1, వెనుక 9. 1889లో తెరిచిన ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ కింద 8,687 మొద్దులున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇటు ఛత్తీస్‌గఢ్‌లో పట్టాలు పరుస్తున్న రోజుల్లోనే, అటు ఆ స్టేషన్‌ను నీళ్లలో కృత్రిమంగా వేసిన దీవుల మీద నిలబెట్టారు.

కలప ఎందుకు కుళ్లలేదు?

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావాలి. తడి తగిలితే కలప పుచ్చిపోతుంది గదా, మూడు నాలుగు వందల ఏళ్లుగా నీళ్లలో ఉన్న మొద్దులు ఎలా నిలిచాయి?

దొడ్డిలో పాతిన కంచె గుంజను పీకి చూడండి. పైభాగం బాగానే ఉంటుంది. లోతుగా, ఎప్పుడూ తడిగా ఉన్న కొస కూడా చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. పుచ్చేది ఎక్కడ? సరిగ్గా నేలమట్టం దగ్గర. ఒకప్పుడు పట్టాల కింద వేసిన సాల్ కలప స్లీపర్లను మార్చిన గ్యాంగుమెన్‌కు కూడా ఇది తెలిసిన సంగతే. వాన నీరు నిలిచి, ఆరి, మళ్లీ నిలిచే చోటే స్లీపరు మెత్తబడేది.

కారణం ఇది. కలపను ముఖ్యంగా తినేవి శిలీంధ్రాలు, అనగా బూజు, పుట్టగొడుగుల జాతికి చెందిన జీవులు. కలపలోని సెల్యులోజును, లిగ్నిన్‌ను విడగొట్టి అవి బతుకుతాయి. వాటికి రెండు కావాలి: తేమ, ఆక్సిజన్. పొడి కలపలో ఆక్సిజన్ ఉంటుంది గాని తేమ ఉండదు. పూర్తిగా మునిగిన కలపలో తేమ ఉంటుంది గాని, దాని రంధ్రాలన్నీ నీటితో నిండిపోవడం వల్ల ఆక్సిజన్ దాదాపు ఉండదు. రెండూ కలిసి దొరికేది నీటి అంచులో. అక్కడే కలప పుచ్చుతుంది.

కనుక ఆమ్‌స్టర్‌డామ్ మేస్త్రీలు ఒక నియమం పాటించారు. మొద్దుల తలలు ఎప్పుడూ భూగర్భ జలమట్టానికి కిందనే ఉండాలి. మొద్దును నీటిమట్టానికి దిగువన కోసి, అక్కడి నుండి పైకి ఇటుక కట్టారు. ఆనాటి వారికి శిలీంధ్రాల జీవశాస్త్రం తెలియకపోవచ్చు. కాని నీళ్లలో ఉన్నది నిలుస్తుందని, నీరు తగ్గితే చెడుతుందని అనుభవం మీద తెలుసుకున్నారు.

దీనిలో ఒక షరతు ఉంది. కాలువల నీటిమట్టం తగ్గకూడదు. ఆ నగరంలో నీటిమట్టాన్ని కొలిచే ప్రమాణం 17వ శతాబ్దం నుండే ఉంది. ఇప్పటికీ కాలువల నీటిని ఆ ప్రమాణానికి 40 సెం.మీ. దిగువన నిలిపి ఉంచుతారు. తూములు, పంపులు రాత్రింబవళ్లు పని చేసేది అందుకే. అజాగ్రత్త వల్ల భూగర్భ జలం కొన్నేళ్లు కిందికి దిగితే మొద్దుల తలలు బయటపడతాయి, శిలీంధ్రాలు చేరతాయి, పైన గోడ బీటలు వారుతుంది.

నీటి కింద కూడా పూర్తి అభయం లేదు. ఆక్సిజన్ అంతగా అక్కర లేని కొన్ని బాక్టీరియాలు కలపను అతి నెమ్మదిగా తింటాయి. పైన్ మొద్దుల్లో వెలుపలి మెత్తని పొర వీటికి త్వరగా లొంగుతుంది, స్ప్రూస్ కొంత మెరుగు. వీటికి తోడు, గుర్రపు బండ్ల కాలంలో కట్టిన కాలువ గట్ల మీద నేడు లారీలు తిరుగుతున్నాయి. 2020 సెప్టెంబరులో గ్రిమ్‌బర్గ్‌వాల్ అనే చోట గట్టు గోడ కాలువలోకి కూలింది. పాత వంతెనలను, గట్లను పరీక్షించి బాగుచేసే పెద్ద పని ఆ నగరంలో నడుస్తోంది.

మీరే చేసి చూడండి

ఒకే మామిడి పలక నుండి మూడు ముక్కలు కోయండి. మొదటి దానిని పొడి అలమరలో పెట్టండి. రెండవ దానిని గాజు సీసాలో అడుగున ఉంచి, తేలకుండా రాయి కట్టి, నిండా నీరు పోసి మూత బిగించండి. మూడవ దానిని పూలకుండీ మట్టిలో సగం లోతు పాతి, రోజూ కాస్త నీరు చల్లండి. ఒక వానాకాలం గడిచాక మూడింటినీ ఆరబెట్టి గోటితో నొక్కి చూడండి. ఏది మెత్తబడింది? ఎక్కడ మెత్తబడింది? కొలిచి రాసుకోండి.

సన్నని ముఖం, లోతైన ఒళ్లు

1613లో ఆమ్‌స్టర్‌డామ్ తన చుట్టూ కొత్త కాలువలు తవ్వడం మొదలుపెట్టింది. హేరెన్‌గ్రాక్ట్, కైజర్స్‌గ్రాక్ట్, ప్రిన్సెన్‌గ్రాక్ట్ అనే మూడు కాలువలు ఒకదాని వెలుపల ఒకటిగా ఊరిని చుట్టాయి. కాలువ ఒకేసారి రోడ్డు, మురుగు కాలువ, ఓడరేవు. తవ్విన మట్టి పక్కనున్న స్థలాలను ఎత్తు చేయడానికి పనికొచ్చింది. ఈ కాలువల వలయాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కాలువ ఒడ్డున చోటు పరిమితం, కావలసినవారు ఎందరో. సరుకు పడవలో వస్తుంది గనుక ప్రతి వర్తకుడికీ కాలువ ముఖం కావాలి. కాబట్టి స్థలాలను సన్నగా, పొడవుగా కోశారు. ఇంటి ముఖం ఆరేడు మీటర్ల నుండి ఎనిమిదిన్నర మీటర్ల దాకా ఉంటే, స్థలం లోపలికి దానికి ఎన్నో రెట్లు సాగుతుంది. ముఖం వెడల్పును బట్టి పన్ను వేసేవారని కూడా జనం చెప్పుకుంటారు. వెడల్పు లేనప్పుడు పైకి, వెనుకకు పెరగడమే దారి.

ఇక ఆ ఇళ్ల ముందు గోడ చూడండి. సగానికి సగం కిటికీలే. ఇది అలంకారం కాదు. గదుల దూలాలు పక్కింటికి, మనకూ ఉమ్మడిగా ఉన్న రెండు పక్క గోడల మీద ఆనుతాయి. ముందు గోడ తన బరువు తాను మోస్తే చాలు. అందుచేత దానికి పెద్ద కంతలు పెట్టవచ్చు. కంతలు పెరిగితే ఇటుక తగ్గుతుంది, పునాది మీద బరువు తగ్గుతుంది. పైగా లోతైన గదికి వెలుతురు అందుతుంది. ఒక్క కిటికీతో మూడు పనులు!

పై కొసన కనిపించే ముక్కోణపు గోడ వెనుక ఉన్న వాలు కప్పును దాచే ముసుగు. దాని ఆకారం చూసి ఇంటి కాలాన్ని అంచనా వేయవచ్చు. మెట్లు మెట్లుగా ఉంటే సామాన్యంగా 17వ శతాబ్దపు తొలి రోజులది. సీసా మెడలా నిటారుగా ఉండే తీరును ఫిలిప్స్ వింగ్‌బోన్స్ అనే వాస్తుశిల్పి 1638లో హేరెన్‌గ్రాక్ట్ 168వ నంబరు ఇంటితో ప్రవేశపెట్టాడు. గంట ఆకారం ఆ తరువాతి కాలపు మోజు.

కొక్కెం, కప్పీ, వాలిన గోడ

ఆ ఇళ్లలో మెట్లు నిచ్చెనలా నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. బీరువా ఎక్కదు, మూట ఎక్కదు. మరి అటకల మీది గోదాములకు సరుకు ఎలా చేరేది? ప్రతి ఇంటి నెత్తిన ముందుకు పొడుచుకొచ్చిన దూలం, దానికో కొక్కెం ఉంటాయి. దానికి కప్పీ తగిలించి సరుకును వీధిలో నుండి కిటికీ గుండా పైకి లాగేవారు.

ఒక్క స్థిర కప్పీతో లాగే దిశ మారుతుందే గాని శ్రమ తగ్గదు. 100 కిలోల మూటకు 100 కిలోల బలమూ కావాలి. అందుకని గోదాముల అటకల్లో పెద్ద చక్రం బిగించేవారు. చక్రం వ్యాసం 2 మీటర్లు, తాడు చుట్టుకునే ఇరుసు వ్యాసం 25 సెం.మీ. అనుకుందాం. రెంటి నిష్పత్తి 8. రాపిడిని లెక్కలోకి తీసుకోకపోతే, చక్రం అంచున పన్నెండున్నర కిలోల బలంతో లాగితే చాలు. ఐతే మూట ఒక మీటరు లేవడానికి 8 మీటర్ల తాడు లాగాలి. ప్రకృతి శ్రమ తగ్గించినట్టే తగ్గించి దూరం దగ్గర వసూలు చేసుకుంటుంది.

పైకి లేచే మూట గాలికి ఊగి గోడకు, కిటికీకి కొట్టుకోకుండా చాలా ఇళ్ల ముందు గోడను కావాలనే కొంచెం ముందుకు వాల్చి కట్టారు. మీటరుకు 3 సెం.మీ. వాల్చితే 15 మీటర్ల ఎత్తున 45 సెం.మీ. ఎడం దొరుకుతుంది. పక్కలకు వాలిన ఇళ్ల సంగతి వేరు. అది మేస్త్రీ తెలివి కాదు, పునాది మొద్దుల అలసట.

ఆ కొక్కేలకు వేలాడిన మూటల్లో మన సరుకూ ఉండేది. 1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దపు తొలి దశకంలోనే మచిలీపట్నంలో వర్తక స్థానం పెట్టింది. పులికాట్, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం కూడా వారి మజిలీలే. మన తీరపు అద్దకపు బట్టలు ఆగ్నేయాసియాలో సుగంధ ద్రవ్యాలకు మారకంగా చెల్లేవి, హాలెండు ఇళ్లలో గౌన్లుగా, పరుపు దుప్పట్లుగా మారేవి. భీమునిపట్నం సముద్రపు ఒడ్డున నేటికీ ఉన్న డచ్ సమాధులు ఆ రాకపోకలకు సాక్ష్యాలు. ఆ కాలువ ఇళ్ల సంపదలో తెలుగు నేతగాళ్ల చేతిపని కూడా ఉంది.

వెనుక ఇల్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కిటికీ ఎంత పెద్దదైనా వెలుతురు లోపలికి కొంత దూరమే వెళుతుంది. కిటికీ పై అంచు నేల నుండి ఎంత ఎత్తున ఉందో, దానికి సుమారు రెండింతల దూరం దాకా పనికొచ్చే వెలుతురు ఉంటుందని ఇంజనీర్లు స్థూలంగా లెక్క వేస్తారు. మూడు మీటర్ల ఎత్తైతే ఆరేడు మీటర్లు. ఆ తరువాత చీకటే. మరి పొడవాటి స్థలాన్ని ఎలా వాడుకోవడం?

డచ్చివారు ఇంటిని రెండు ముక్కలు చేశారు. కాలువ వైపు ముందు ఇల్లు, దాని వెనుక ఆకాశానికి తెరచిన చిన్న నడవ, దానికి అవతల వెనుక ఇల్లు. రెంటినీ కలుపుతూ ఇరుకైన నడక దారి. వెనుక ఇంటికి ఒక పక్క నడవ నుండి, మరో పక్క పెరటి తోట నుండి వెలుతురు వస్తుంది. మన మండువా ఇంట్లో నడిమి వాకిలి చేసే పనినే ఇక్కడ ఆ నడవ చేస్తుంది. డచ్ భాషలో వెనుక ఇంటిని ‘ఆక్టర్‌హైస్’ అంటారు.

వీధిలో నిలబడి చూస్తే ఇళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, సందు ఉండదు. వెనుక మరో ఇల్లు ఉందని ముందు నుండి తెలియదు. వెలుతురు కోసం చేసిన ఈ ఏర్పాటే ఒక చీకటి కాలంలో ప్రాణాలకు మరుగైంది.

ప్రిన్సెన్‌గ్రాక్ట్ 263

ఈ ఇంటిని 1635లో కట్టారు. సుమారు 1740లో పాత వెనుక ఇంటిని తీసివేసి ఎత్తైనదాన్ని కట్టారు. నివాసంగా, గోదాముగా, ఒకప్పుడు గుర్రాల కొట్టంగా, తరువాత పియానో చుట్టలు తయారు చేసే చోటుగా ఎన్నో చేతులు మారింది. 1940 డిసెంబరులో ఒటో ఫ్రాంక్ తన వ్యాపారాన్ని ఇక్కడికి మార్చాడు. ఆయన అమ్మే సరుకు పెక్టిన్. పండ్ల తొక్కల్లో ఉండే ఈ పదార్థమే జామ్‌ను గడ్డకట్టిస్తుంది. మన జామపండు జెల్లీ చక్కగా పేరుకునేది కూడా అందులో పెక్టిన్ ఎక్కువగా ఉన్నందునే.

ఫ్రాంక్ కుటుంబం యూదులు. హిట్లర్ పాలన నుండి తప్పించుకోవడానికి జర్మనీ వదిలి వచ్చారు. 1940 మే నెలలో జర్మనీ హాలెండును కూడా ఆక్రమించింది. పెద్దమ్మాయి మార్గోకు శ్రమ శిబిరానికి రమ్మని పిలుపు రావడంతో, 1942 జులై 6న ఆ కుటుంబం వెనుక ఇంట్లోకి చేరింది. వారం తరువాత మరో కుటుంబం, నవంబరులో ఒక దంతవైద్యుడు కలిశారు. మొత్తం ఎనిమిది మంది. గోదాము పనులు చూసే యోహాన్ వోస్కైల్ వెనుక ఇంటి తలుపుకు అడ్డంగా, తలుపులాగే తిరిగే పుస్తకాల బీరువా చేసి పెట్టాడు.

అక్కడ భౌతికశాస్త్రం ప్రతి నిమిషం తోడుండేది. చెక్క అంతస్తుల మీద అడుగు పడితే ఆ కంపనం దూలాల గుండా కింది గదికి పోతుంది. కింద పనివాళ్లకు పైన మనుషులున్నారని తెలియదు. కాబట్టి పగలంతా బూట్లు లేవు, గట్టి మాట లేదు. మరుగుదొడ్డి గొట్టం గోదాము పక్కగా దిగుతుంది గనుక పని వేళల్లో నీళ్లు వదలకూడదు. తోట వైపు కిటికీల కోసం తండ్రీ కూతురూ మొదటి రోజే గుడ్డ పేలికలతో తెరలు కుట్టారు.

ఈ నిశ్శబ్దంలో వారు ఏం చేశారు? చదువుకున్నారు. ముగ్గురు పిల్లలూ పోస్టు ద్వారా వచ్చే పాఠాలతో షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. మార్గో లాటిన్ నేర్చుకుంది. పాఠాలు బెప్ వోస్కైల్ అనే ఆఫీసు ఉద్యోగిని పేరు మీద వచ్చేవి, జవాబులు ఆమె పేరు మీదే వెళ్లేవి. గోడకు నార్మండీ పటం తగిలించి, మిత్రసైన్యాలు ముందుకు జరిగిన కొద్దీ గుండుసూదులు జరిపారు. అటక కిటికీలో నుండి ఒక చెస్ట్‌నట్ చెట్టు, పక్కనే ఉన్న వెస్టర్‌కెర్క్ చర్చి గోపురం కనిపించేవి. ఆ చర్చి గంటలు అన్నేకు తోడు. అన్నిటికీ మించి ఆమె రాస్తూ వచ్చింది. పదమూడో పుట్టినరోజుకు వచ్చిన పుస్తకంలో మొదలుపెట్టి, ఆ పుస్తకం నిండితే నోటు పుస్తకాల్లో, అవీ అయిపోతే విడి కాగితాల మీద రాసింది.

ఇవేవీ వారిని కాపాడలేదు. 1944 ఆగస్టు 4న ఎనిమిది మందినీ పట్టుకున్నారు. ఒటో ఫ్రాంక్ ఒక్కడే తిరిగి వచ్చాడు. అన్నే, మార్గో 1945 తొలి నెలల్లో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో మరణించారు. అన్నేకు అప్పటికి పదిహేనేళ్లు.

రైలు చేసిన రెండు పనులు

రైల్వే ఊరి వారు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. ఆ ఎనిమిది మందిని ఆష్విట్జ్‌కు తీసుకుపోయింది రైలే. 1944 సెప్టెంబరు 3న వెస్టర్‌బోర్క్ శిబిరం నుండి బయలుదేరిన ఆ బండి, అక్కడి నుండి ఆష్విట్జ్‌కు వెళ్లిన ఆఖరి బండి. హాలెండులోని సుమారు 1,40,000 మంది యూదులలో లక్షకు పైగా హత్యకు గురయ్యారు. వారిని మోసిన బండ్లు వేళకు నడిచాయి, టైంటేబుళ్లు తయారయ్యాయి, కిరాయి చెల్లింది.

సరిగ్గా రెండు వారాల తరువాత, సెప్టెంబరు 17న, లండన్‌లో ఉన్న డచ్ ప్రభుత్వం పిలుపుపై సుమారు 30,000 మంది రైల్వే ఉద్యోగులు పని మానేసి మాయమయ్యారు. యుద్ధం ముగిసే దాకా తిరిగి రాలేదు. అదే పట్టాలు, అదే సిగ్నళ్లు, అదే మనుషులు. యంత్రానికి మంచి చెడు తెలియదు, లివరు మీద ఉన్న చేతికే అది తెలియాలి.

ఆ సమ్మెకు ప్రతీకారంగా జర్మన్లు ఆహార రవాణాను అడ్డుకున్నారు. ఆ చలికాలాన్ని డచ్చివారు ఆకలి శీతాకాలం అంటారు. పశ్చిమ హాలెండులో సుమారు 20,000 మంది చనిపోయారు. ఆమ్‌స్టర్‌డామ్ జనం పొయ్యిలోకి కట్టెలు లేక, యజమానులు శిబిరాలకు పోగా ఖాళీగా ఉన్న ఇళ్ల దూలాలు పీకి కాల్చుకున్నారు. దూలాలు పోయిన ఇళ్లు కూలాయి. పక్క గోడలను కలిపి పట్టి ఉంచేవి ఆ దూలాలే గదా.

నీటిమట్టం కాపాడేవారు

అన్నే రాసిన కాగితాలను పోలీసులు నేల మీద చిమ్మి వెళ్లిపోయారు. ఆఫీసు ఉద్యోగినులు మీప్ గీస్, బెప్ వోస్కైల్ వాటిని ఏరారు. మీప్ వాటిని చదవకుండా సొరుగులో దాచి, 1945లో తండ్రి చేతికిచ్చింది. 1947 జూన్‌లో పుస్తకం వెలువడింది. దాని డచ్ పేరు ‘హెట్ ఆక్టర్‌హైస్’, అనగా ‘వెనుక ఇల్లు’. ఒక వాస్తు పదం ప్రపంచమంతా చదివిన పుస్తకానికి పేరైంది.

1950ల్లో ఆ ఇంటిని కూల్చే ప్రయత్నం జరిగింది. పౌరులు అడ్డుపడ్డారు. 1957లో ఒక సంస్థ ఏర్పడి ఇంటిని నిలిపింది. 1960 మే 3న అది ప్రదర్శనశాలగా తెరుచుకుంది. 2010లో మీప్ నూరేళ్ల వయసులో కన్నుమూసింది. అదే ఏడాది ఆగస్టు 23న ఆ చెస్ట్‌నట్ చెట్టు, లోపల శిలీంధ్రాలు తిన్నందున, గాలికి విరిగి పడింది. అంతకుముందే దాని గింజల నుండి పెంచిన మొక్కలు ఎన్నో దేశాల్లో నాటుకున్నాయి. గాలిలో నిలిచిన చెట్టును శిలీంధ్రం పడగొట్టింది, నీటి కింద దాగిన చెట్ల మొద్దులు మాత్రం ఇంకా ఇళ్లను మోస్తున్నాయి.

ఆశ అంటే అంతా బాగుపడుతుందన్న నమ్మకం అనుకుంటే, ఆ వెనుక ఇంటి కథ ఆశను అబద్ధం చేస్తుంది. ఐతే అక్కడ ఆశ నమ్మకంగా కంటే పనిగా కనిపిస్తుంది. లాటిన్ పాఠానికి జవాబు రాయడం, పటం మీద సూది జరపడం, రేపు కూడా ఈ పిల్ల పెరుగుతుందని గోడ మీద గీత గీయడం. దాని కింద మరికొందరి పని ఉంది. మీప్, బెప్, క్లైమన్, కుగ్లెర్ అనే నలుగురు ఆఫీసు మనుషులు ఇరవై ఐదు నెలలు రేషను కూపన్లు సంపాదించారు, కూరగాయలు మోశారు, గ్రంథాలయం నుండి పుస్తకాలు తెచ్చారు. వారు నేల కింది మొద్దుల వంటివారు. పైకి కనిపించరు. మట్టం తగ్గకుండా చూసే చేతులున్నంత కాలమే పైన ఇల్లు నిలుస్తుంది.

మన నేల చిక్కులు వేరు. ఛత్తీస్‌గఢ్ రైతులు కన్హార్ అనే నల్లమట్టి, మన నల్లరేగడి, వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారి గోడలను చీలుస్తాయి. దీనికి విరుగుడుగా రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తు బల్బు ఉండే పైల్ పునాదిని అభివృద్ధి చేసింది. తేమ మారే పై పొరను దాటి, తేమ మారని లోతులో ఆ బల్బు పట్టు దొరకబుచ్చుకుంటుంది. నేల మెత్తనిదైనా, ఉబ్బేదైనా సూత్రం ఒక్కటే. పైపైన కదిలే దానిని నమ్మకుండా, కదలని లోతు దాకా వెళ్లడం.

మా క్వార్టరు ద్వారబంధం మీది గీతలపై ఆ తరువాత వచ్చినవారు రంగు వేసి ఉంటారు. మా అమ్మ మాత్రం ఖాళీ చేసే ముందు రోజు రాత్రి ఒక పాత చీర అంచు చింపి, దాన్ని ద్వారబంధానికి ఆనించి పట్టుకుని, ప్రతి గీత దగ్గరా ఒక ముడి వేసింది. ఆ అంచు ఇప్పటికీ ఇంట్లో ఉంది. దాని మీద తేదీలు లేవు. ముడి ముడికీ మధ్య దూరం కొలిస్తే మేము ఎంత పెరిగామో తెలుస్తుంది.